చెవి చెంత రేడియో: సెల్‌ఫోను తరంగములు, ప్రభుత్వ నియమములు



గూడూరు, సైదాపురము, రాపూరు సీమల భూగర్భమునుండి వెలికివచ్చిన అభ్రకము ఒకప్పుడు పొరలు పొరలుగా చీల్చబడి, ఓడలెక్కి, సముద్రములు దాటి, రేడియో యంత్రములలోని కండెన్సర్లలో ఇమిడి, దేశదేశముల మాటను పాటను జనులకు వినిపించుటకు తోడ్పడినది. కావున నెల్లూరు సీమకు రేడియోతో గల సంబంధము వినికిడి సంబంధము మాత్రమే కాదు. 1938 జూన్ 16న మదరాసు కేంద్రమును, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రమును ప్రసారములు ఆరంభించిన పిమ్మట, ఆ రెంటికి నడుమనున్న ఈ తీరమువారు ముల్లు ఇటు త్రిప్పి ఒకదానిని, అటు త్రిప్పి వేరొకదానిని వినుటకు అలవాటుపడిరి. ఆ దినములలో రేడియో కొన్న గృహస్థుడు ఏటేట పోస్టాఫీసుకు పోయి లైసెన్సు రుసుము చెల్లించి, ఆ పుస్తకమును భద్రముగా దాచుకొనవలసియుండెడిది. 1885 నాటి టెలిగ్రాఫు చట్టమును, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టమును ఆధారముగా చేసికొని సాగిన ఆ విధానము 1980 దశకము నడిమివరకు నిలిచినది. అప్పటి ప్రభుత్వము అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ యంత్రము ఎవనియొద్ద నున్నది?

నేడు ప్రశ్న మారినది. మన జేబులలో నున్న సెల్‌ఫోను వినుటయేగాక ప్రసారమునుకూడ చేయగల రేడియో. ఆకాశవాణి ట్రాన్స్‌మిటరు ఊరికి దూరముగా, కంచె నడుమ నుండగా, ఈ చిన్న ట్రాన్స్‌మిటరు మన చెవికి తాకి, కపాలమునకు అంగుళమైన ఎడములేక పనిచేయుచున్నది. కనుక యంత్రము ఎవనిదని కాక, దానినుండి వెడలు శక్తిలో ఎంతభాగము వాని శరీరములో ఇంకుచున్నదని ప్రభుత్వము నేడు అడుగవలసివచ్చినది. పౌరుని చేతిలోని రేడియోను చూచి భయపడిన రాజ్యము, ఆ రేడియోనుండి పౌరుని కాపాడు బాధ్యతను నెత్తికెత్తుకొన్నది. ఈ మార్పు ఎట్లు జరిగినదో, ఎంతవరకు జరిగినదో, ఎక్కడ ఆగిపోయినదో విన్నవించుట నేటి నా ప్రసంగవిషయము.

మొదట శాస్త్రమును గూర్చి నాలుగు మాటలు. సెల్‌ఫోనులు 900, 1800, 2100, 2300 మెగాహెర్ట్జులు మొదలైన పౌనఃపున్యములపైనను, నూతనముగా వచ్చిన 5జీ ఫోనులు 3300 మెగాహెర్ట్జుల ప్రాంతమునను పనిచేయును. ఎక్స్-కిరణములవలె అణువులనుండి ఎలక్ట్రానులను పెరికివేయుటకు వలసిన శక్తి ఈ తరంగములకు లేదు; 900 మెగాహెర్ట్జుల తరంగకణమునకు గల శక్తి అట్టి పనికి కావలసినదానికంటె ఇరువది లక్షల రెట్లకు పైగా తక్కువ. అయినను ఇవి శరీరములోని నీటి అణువులను కదలించి, కణజాలమును కొంచెము వేడిచేయగలవు. ఈ వేడియే నియమములన్నిటికి మూలము. ఒక కిలో దేహము ఒక్కొక్క సెకనుకు గ్రహించు శక్తిని వాట్లలో చెప్పు కొలతకు శోషణ ప్రమాణమని పేరు, పెట్టెమీద ఎస్.ఏ.ఆర్. అని అచ్చువేయునది ఇదియే.

ప్రయోగశాలలో ఎలుకలును కోతులును, దేహమంతటికి సగటున కిలోకు 4 వాట్లు సోకినపుడు, తాము నేర్చిన పనిని మానివేయుట కనబడెను. ఆ నాలుగును పదింట భాగించి, ట్రాన్స్‌మిటర్లవద్ద పనిచేయువారికి 0.4 అనియు, ఏబదింట భాగించి, పసిబిడ్డలు వృద్ధులు రోగులు అందరును చేరిన సామాన్య ప్రజానీకమునకు 0.08 అనియు శాస్త్రజ్ఞులు హద్దు గీచిరి. ఇది దేహమంతటి లెక్క. ఫోను తాకెడు చోట మాత్రము హద్దు వేరు. అమెరికా ప్రభుత్వము 1996లో ఏ ఒక్క గ్రాము కణజాలమునందైనను సగటున కిలోకు 1.6 వాట్లు మించరాదని శాసింపగా, అయానీకరణము చేయని వికిరణముల విషయమున సలహాలిచ్చు అంతర్జాతీయ సంఘము 1998లో పది గ్రాములపై సగటు తీసి 2 వాట్లని నిర్ణయించినది. రెండు అంకెలు చూచుటకు దగ్గరగనే యున్నను, మొదటిదే కఠినమైనది. ఏలనన పది గ్రాముల సగటులో ఒకచోటి తీవ్రత తక్కిన చోట్లలో కలిసి కరగిపోవును, ఒక్క గ్రాములో దాగుకొనుటకు దానికి తావుండదు.

భారతదేశము 2008లో ఆ అంతర్జాతీయ సంఘపు హద్దులనే స్వీకరించెను. టవర్లనుగూర్చి నగరములలో ఆందోళన పెరుగగా, 2010 ఆగస్టులో కేంద్రప్రభుత్వము వివిధ మంత్రిత్వశాఖల ప్రతినిధులతో ఒక సంఘమును నియమించినది. ఆ సంఘపు సిఫారసుల ఫలితముగా 2012 సెప్టెంబరు 1నుండి రెండు మార్పులు అమలులోనికి వచ్చినవి. ఫోనులకు అమెరికావలె ఒక గ్రాముపై 1.6 వాట్ల హద్దు ఏర్పడినది. పాత నమూనాలకు 2013 ఆగస్టు 31వరకు గడువిచ్చి, ఆ మరునాటినుండి హద్దు మీరిన ఫోనును ఈ దేశమున తయారుచేయుటకుగాని, దిగుమతి చేయుటకుగాని వీలులేకుండ చేసిరి. టవర్లకైతే అంతర్జాతీయపు హద్దులో పదవవంతు మాత్రమే అనుమతించిరి. 900 మెగాహెర్ట్జులవద్ద చదరపు మీటరుకు 4.5 వాట్లుగా నున్నది 0.45 అయినది, 1800 వద్ద 9 గా నున్నది 0.9 అయినది, 2000 మెగాహెర్ట్జులకు పైన 10 గా నున్నది 1 అయినది. పరదేశముల నిబంధనలను అనుకరించి ఊరకుండెడి మన పాలనావ్యవస్థ ఒక విషయమున అంతర్జాతీయపు హద్దుకంటె గట్టిగా నిలిచినదని చెప్పుటకు నాకు సంతోషముగా నున్నది. ఇట్టి సంతోషమునకు అవకాశములు తరచుగా రావు.

ఇక ఈ 1.6 ను కొలుచు విధానము వినదగినది. మనిషి తలవంటి డొల్ల బొమ్మ నొకదానిని చేసి, మెదడు మాంసములవలె విద్యుత్తును ప్రవహింపజేయు ద్రవముతో నింపి, చెవివద్ద ఫోనును అమర్చి, దానిని పూర్తి శక్తితో ప్రసారము చేయించి, ఒక యంత్రబాహువు కొసనున్న సన్నని ఉపకరణముతో ఆ ద్రవములో చోటుచోటున తరంగబలమును కొలుతురు. ఆ బొమ్మ తలకు ఆధారము అమెరికా సైనికుల దేహములను కొలిచి తీసి, 1989లో ప్రకటించిన లెక్కలు. అందులోను నూరుగురిలో తొంబదిమంది తలలకంటె పెద్దదైన తలను ఎన్నుకొన్నారు. పెద్ద తల ఎక్కువ శక్తిని గ్రహించును గనుక ఇది అందరికిని రక్షణయే యని ఒక పక్షమువారందురు. పిల్లల కపాలము పలుచన, వారి కణజాలములో నీరు అధికము, సైనికుని తలతో వారిని తూచరాదని ఇంకొక పక్షమువారందురు. కోవూరు బడిలో పాఠము నేర్చెడి చిన్నపిల్ల చెవికి, అమెరికా సిపాయి చెవికి ఒకే కొలబద్ద పట్టుటలో నాకును కొంత ఎబ్బెట్టుగనే తోచును. ఐనను ప్రపంచమంతట కంపెనీలన్నియు ఒకే బొమ్మపై ఒకే తీరున కొలుచుటచేతనే ఫలితములను సరిపోల్చుట సాధ్యమైనదని మరువరాదు.

ఒక అపోహను కూడ ఇచ్చటనే తొలగింపవలెను. పెట్టెమీది అంకె ఫోను ఎల్లప్పుడును ఇచ్చు శక్తి కాదు. పూర్తి బలముతో పనిచేసినపుడు ఏర్పడు గరిష్ఠపు విలువ. 0.6 అని యున్న ఫోనుకంటె 1.2 అని యున్నది రెట్టింపు అపాయకరమని దుకాణములలో చెప్పెడి మాట సత్యము కాదు. నిత్యవ్యవహారములో ఏది ఎంత శక్తిని వెదజల్లునో ముఖ్యముగా నిర్ణయించునది టవరు ఎంత దూరమున ఉన్నదనునదియే.

ఈ మాట మన తీరమువారికి తక్కినవారికంటె ఎక్కువగా వర్తించును. టవరు చేరువలోనున్నచో, అల్పశక్తి చాలునని అది ఫోనుకు ఆజ్ఞాపించును. దూరమైనకొలది హెచ్చు శక్తితో మాట్లాడుమనును. 2జీ ఫోను 900 మెగాహెర్ట్జులలో గరిష్ఠముగా 2 వాట్లు ఇచ్చును. అది కాలమును ఎనిమిది భాగములు చేసి ఒక భాగములోనే ప్రసారము చేయును గనుక సగటు పావు వాటు. 4జీ ఫోనుకు గరిష్ఠము అయిదవవంతు వాటు. మైపాడునుండియో, జువ్వలదిన్నెనుండియో, ఇసకపల్లినుండియో తెల్లవారకమునుపే బోటు తీసి, తీరము కనుమరుగగునంత దూరము పోయిన మత్స్యకారుడు, ఒడ్డుననున్న ధర తెలిసికొనుటకై ఫోను చెవికి ఆనించినపుడు, ఆ ఫోను తన బలమంతయు కూడగట్టుకొని పనిచేయుచుండును. బ్యాటరీ చప్పున దిగిపోవుటయే అందులకు సాక్ష్యము. 2జీ పద్ధతిలో సాధారణముగా 35 కిలోమీటర్లు దాటినచో టవరు బలమెంతయున్నను మాట అందదు. టవరును చూచి భయపడి ఊరికి దూరముగా నెట్టిన గ్రామమువారు, తమ చెవివద్దనున్న ట్రాన్స్‌మిటరును తామే తట్టి లేపినవారగుచున్నారు. టవరు నియమమును ఫోను నియమమును విడదీసి చూచుటవలన కలిగిన పొరపాటు ఇది. ప్రభుత్వ ప్రచారముకూడ ఈ ముడిని సామాన్యునికి విప్పి చెప్పలేదు.

ఫోను మన తీరమునకు విలాసవస్తువు కాదని వేరుగ చెప్పనక్కరలేదు. 1989 నవంబరులో కావలివద్ద తీరము దాటిన ఆ భయంకర తుపానునాడు సముద్రము మీదనున్నవారికి ట్రాన్సిస్టరు తప్ప వేరు దిక్కు లేదు. నేడు వాయుగుండము పుట్టిన గడియనుండి హెచ్చరిక జేబులోనికి వచ్చుచున్నది. ఫోనును మానుడని బోధించువారికి ఈ తీరమున చెవి యొగ్గువారుండరు, ఉండనక్కరయు లేదు.

ఇట్టి ఫోను తయారగు చోటును చూచుటకు దక్షిణమునకు పోదము. జిల్లాగీతలు ఎటు జరిగినను మనవారు నేటికిని మన సీమగనే తలచు తడ, సూళ్లూరుపేటల చెంత, పులికాటు సరస్సుకు పడమటగా, 2008లో ఆరంభమైన శ్రీసిటీ కలదు. అచ్చటి ఫాక్స్‌కాన్ కర్మాగారములో తయారైన షావోమీవారి రెడ్‌మీ 2 ప్రైమ్ అను ఫోనును 2015 ఆగస్టు 10న విశాఖపట్టణములో విడుదల చేసిరి. ఆ కంపెనీ భారతదేశమున తయారుచేసిన మొదటి ఫోను అది. ఒకప్పుడు రేడియోకు అభ్రకమును మాత్రమే పంపిన సీమ సంపూర్ణముగా కూర్చిన రేడియోను దేశమునకు పంపు దశకు వచ్చినది. ఈ గౌరవముతోకూడ ఒక బాధ్యతయు వచ్చినది. ఫోను మన గడపలో తయారగుచున్నపుడు దాని పరీక్షకూడ మన కంటికి కనబడవలెనని కోరుట అన్యాయము కాదు.

ఇచ్చటనే మన నియమపు బలహీనత బయటపడును. కంపెనీ తన ఫోనును పరీక్షింపించి, హద్దులోనున్నదని ప్రకటించి, విలువను తెలుపును. ఢిల్లీలో కేంద్ర టెలికాం శాఖకు చెందిన ఇంజనీరింగు సంస్థలో ప్రభుత్వమునకు స్వంత పరీక్షాశాలయు కలదు. కాని అంగడిలో అమ్మకమునకున్న ఫోనులను మారువేషమున కొని, పరీక్షించి, ఫలితమును కంపెనీ పేరుతోసహా లోకమునకు చాటు అలవాటు మనకు ఇంకను పాదుకొనలేదు. ఫ్రాన్సు దేశపు పౌనఃపున్య సంస్థ ఆ పనినే చేసి, 2023లో 141 ఫోనులను పరీక్షించి, వానిలో ఐఫోన్ 12 చేతిలోగాని జేబులోగాని నున్నపుడు కిలోకు 5.74 వాట్లు ఇచ్చుచున్నదని, ఐరోపా హద్దు 4 మాత్రమేనని కనుగొని, సెప్టెంబరులో దాని అమ్మకమును నిలిపివేయించినది. అంత పెద్ద కంపెనీయు సాఫ్ట్‌వేరు సవరించి శక్తిని తగ్గింపక తప్పలేదు. మన సముద్రములో చేపలవేటను గూర్చిన 1994 నాటి చట్టము ఒడ్డునుండి 8 కిలోమీటర్ల మేర సంప్రదాయ మత్స్యకారులదే యని గీచినది; మరబోట్లు ఆ గీతను దాటి వచ్చినపుడు వలలు తెగినవారు ఎవరో, చట్టముయొక్క బలమెంతో మన పట్టపువారిని అడిగిన తెలియును. గీత గీచుటకును, గీతవద్ద కావలి కాయుటకును ఎంత దూరమో ఫోనుల విషయమునను అంతే దూరము.

ఇక టవర్లు. ప్రతి టవరును హద్దులో నున్నదని కంపెనీ స్వయముగా ధ్రువీకరింపవలెను; టెలికాం శాఖవారి క్షేత్రకార్యాలయములు ఏటేట కొన్నింటిని ఎన్నుకొని పరీక్షింపవలెను; హద్దు మీరినచో జరిమానా కలదు. 2017 మే 2న ఆరంభించిన తరంగ్ సంచార్ అను ప్రభుత్వ ఏర్పాటు ద్వారా ఎవరైనను తమ ఇంటి సమీపమున నున్న టవరు నియమానుసారముగా నున్నదో లేదో చూడవచ్చును. 4000 రూపాయలు చెల్లించినచో అధికారులు వచ్చి కొలిచిపోదురు. ఈ రుసుము నాకు సమ్మతము కాదు. భయము నిజమో అబద్ధమో తెలిసికొనుటకు వలకూలీ ఇంటి నెలబియ్యపు ఖర్చును అడుగుట ఉచితము కాదు. టవరును మ్రోయుచున్న ఇంటివానికి అద్దె వచ్చును, ప్రక్కయింటివానికి భయము మాత్రమే వచ్చును. ఆ భయమును తీర్చు వెచ్చమునుకూడ ప్రక్కయింటివాడే భరింపవలెనా? తరంగ్ సంచార్ ఆరంభమగుటకు కొద్దిదినములకు పూర్వమే, 2017 ఏప్రిల్‌లో, గ్వాలియరు నగరమున పొరుగింటి పైకప్పుమీది టవరువలన తనకు కేన్సరు వచ్చినదని ఇంటిపనివాడొకడు మొరపెట్టుకొనగా, సుప్రీంకోర్టు ఆ టవరును ఏడుదినములలో నిలిపివేయుమని ఆజ్ఞాపించినది. ఆ ఉత్తర్వు టవరువలననే రోగము వచ్చినదని నిర్ధారించిన శాస్త్రతీర్పు కాదు. అట్లు ప్రచారము చేసి ఊరూర భయము రేపినవారు న్యాయమునకును శాస్త్రమునకును కూడ అపచారము చేసిరి.

మరి కేన్సరు మాట యేమి? 2011 మేలో లియాన్ నగరమున సమావేశమైన అంతర్జాతీయ కేన్సరు పరిశోధనా సంస్థ ఈ తరంగములను బహుశః కేన్సరుకారకములు కావచ్చుననెడి 2బి వర్గములో చేర్చినది. సాక్ష్యము పరిమితము, అనుమానము పూర్తిగా తీరలేదు అని దాని భావము. ఆ వర్గములోనే తూర్పు ఆసియా సంప్రదాయపు ఊరుగాయలుకూడ నున్నవి. ఆవకాయ ప్రియులు ఉలికిపడనక్కరలేదు, ఆ లెక్క చైనా, జపాను, కొరియా పద్ధతులను గూర్చినది. అంతకు ముందటి సంవత్సరము వెలువడిన, పదుమూడు దేశములలో జరిగిన ఇంటర్‌ఫోన్ పరిశోధనలో మొత్తముమీద ఫోను వాడకమువలన మెదడు గడ్డలు పెరిగినట్లు తేలలేదు. జీవితమున 1640 గంటలు దాటి మాట్లాడితిమని చెప్పినవారిలో మాత్రము ఒక రకపు గడ్డ కొంత హెచ్చుగా కనబడినను, వారు చెప్పిన గంటల లెక్కలోనే తప్పులుండవచ్చునని పరిశోధకులే హెచ్చరించిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థ కోరికమీద జరిగి 2024లో వెలువడిన విస్తృత సమీక్ష, ఫోనుకును మెదడు కేన్సరుకును సంబంధము కనబడలేదని చెప్పినది. ఈ స్థితిలో వివేకవంతుని మార్గము భయపడుటయు కాదు, అపహసించుటయు కాదు. హద్దును కఠినముగా నుంచుకొని, పరిశోధనను కొనసాగనిచ్చుట. 2012 నాటి మన నియమము సరిగ్గా అదే చేసినదని నా అభిప్రాయము.

నేను నిందించునది నియమమును కాదు, దాని మౌనమును. దీర్ఘముగా మాట్లాడునపుడు ఇయర్‌ఫోను వాడుడనియు, సిగ్నలు బలహీనముగా నున్నచోట మాటను తగ్గింపుడనియు, గుండెలో పేస్‌మేకరు వంటి యంత్రము అమర్చుకొన్నవారు ఫోనును 15 సెంటీమీటర్లకైన ఎడముగా నుంచుడనియు ప్రభుత్వమే హితవు చెప్పినది. ఆ హితవు ఏ మత్స్యకార గ్రామమున, ఏ ఫోను దుకాణమున, ఎవరి భాషలో వినబడినది? పెట్టెలో మడిచిపెట్టిన కాగితమును భూతద్దముతో చదువవలెను; అదియు పరభాషలో. దినమంతయు ఫోనుమీదనే రొయ్యల బేరములు సాగించు అల్లూరు, ఇందుకూరుపేట ప్రాంతముల చెరువుల రైతులకు ఇట్టి హితవు ఒకటున్నదనియే తెలియదు.

శ్రోతలారా, మీరు చేయదగినవి కొలదియే. ఫోను కొనునపుడు ఎస్.ఏ.ఆర్. అంకెను చూపుమని అడుగుడు. ఇంటనున్న ఫోనులో స్టార్, హ్యాష్, సున్న, ఏడు, హ్యాష్ అని నొక్కినచో పెక్కు ఫోనులలో ఆ విలువ తెరపై కనబడును, 1.6 కు లోపలనున్నచో నిశ్చింతగా నుండుడు. ఊరిలో టవరు వచ్చుచున్నదనగానే రాళ్లు తీయక, అది నియమానుసారముగా నున్నదా యని అడిగి తెలిసికొనుడు. టెలికాం శాఖవారికి నా విన్నపము: టవర్ల పరీక్షాఫలితములను ప్రతి గ్రామసచివాలయపు గోడమీద, అంగడిలో కొని పరీక్షించిన ఫోనుల ఫలితములను కంపెనీల పేర్లతోసహా పత్రికలలో, తెలుగులో, పెద్ద అక్షరములతో ప్రకటింపుడు; కొలువుమని వచ్చిన బీదవానివద్ద ఆ 4000 రూపాయలు తీసికొనకుడు.